చివర – రవ్వ

3, సోమవారం

ఈ రోజునుంచి ఈ పుస్తకంలో 'ఆయన' అని రాయను. 'అతను' అని రాస్తాను. పద్నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఒకే బార్ కౌంటర్ వెనక నిలబడి, ఒక బుధవారం పొద్దున్నే పెట్టె సర్దుకుని 'వస్తా' అని చెప్పి వెళ్ళిపోయిన మనిషికి ఇంకా ఈ మర్యాదలెందుకు? పన్నెండు రోజులైంది. నేను బాగానే ఉన్నాను. పొద్దున ఆరింటికి లేచి రెండు కప్పుల కాఫీ పెట్టాను. రెండోది సింకులో పోశాను. ఆయన కప్పు పై అరలో, నాకందనంత ఎత్తులో పెట్టేశాను.

అతని కప్పు.

4, మంగళవారం

పెద్దాయన పిలిపించాడు. హోటలంతా తనదే అయినా బార్‌లోకి వచ్చేటప్పుడు తలుపు తట్టి వస్తాడు, ఆ ఒక్క గుణం చూసే నేను పెద్దాయనను ఇన్నాళ్ళూ భరిస్తున్నాను. ఈ రోజు అదీ సరిపోలేదు.

"అమ్మాయ్, వంటగది ఎలాగూ కొత్తగా కట్టిస్తున్నాం కదా, బార్ మెనూ కూడా కొత్తది వేయిద్దామనుకుంటున్నా. మొదట్లో మీ ఇద్దరూ ఒక గ్లాసు ఇచ్చేవాళ్ళు చూడు. ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే విస్కీ కాక్‌టెయిలే, కానీ పొగ పొగగా ఉండేది. అది తాగి ఇంటికెళ్తే మా ఆవిడ, ఎక్కడ చలి కాచుకుని వస్తున్నారండీ అనేది. అది కావాలి నాకు."

"అది మానేసి ఎనిమిదేళ్ళయిందండీ."

"అందుకే అడుగుతున్నా. మీ ఆయన చేసేవాడుగా."

మీ ఆయన చేసేవాడుగా! నేనేమో పక్కన బొమ్మలా నిలబడేదాన్ని కాబోలు. నోటిదాకా వచ్చింది, మింగేశాను.

"ఇప్పుడు ఎదురు హోటల్లో చేస్తున్నాడుగా, మొన్న కనిపించాడు. ఇరవై అయిదో తేదీలోపు నీ చేతిమీద ఆ గ్లాసు వచ్చిందా, కౌంటర్ నీది. రాలేదా, వాణ్ణి వెనక్కి పిలుస్తాను. నువ్వు విందుల హాలు చూసుకుందువుగాని. ఏమంటావ్?"

"ఆయనొస్తానన్నారా?"

"ఆలోచించి చెప్తానన్నాడు."

చేయగలిగితే కౌంటర్ నాది. చేయలేకపోతే ఆయన వస్తాడు.

ఇంటికొచ్చి ఈ రెండు వాక్యాలూ రాసి, చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను. విందుల హాలు బార్ పక్కనే. మధ్యలో ఉన్నది అద్దం తలుపు.

5, బుధవారం

బార్ సొరుగులో అతను కొలతలు రాసుకున్న కార్డుల పెట్టె అలాగే ఉంది. షేకర్ పట్టుకెళ్ళాడు, కార్డులు వదిలేశాడు. దులిపితే అడుగున ఆ గ్లాసు కార్డు దొరికింది. అంచులు చిరిగిపోయాయి, సిరప్ మరకలతో అట్టకట్టుకుపోయింది. అతని కోడిగీతలు నేను తప్ప ఎవరూ చదవలేరు.

విస్కీ – పెగ్గు
పొగ విస్కీ – చుక్క
చక్కెర పాకం – చెంచా
బిట్టర్స్ – రెండు చుక్కలు
ఐసు మీద నలభై తిప్పులు
చివర – రవ్వ

అంతే. పేరు లేదు, తేదీ లేదు. చివర రవ్వ అంటే రవ్వంత అని. అంటే చివర్లో ఇంకాస్త పొగ విస్కీ వెయ్యమని. ఎంతో చెప్పలేదు. మిగతావన్నీ కొలిచి రాసిన మనిషికి అసలైన చోటికి వచ్చేసరికి బద్ధకం ముంచుకొచ్చింది. ఏ పనైనా అంతే కదా ఆయన.

రేపటినుంచి చుక్కలు లెక్కపెట్టి చూస్తాను.

6, గురువారం

బార్ తెరవకముందు నాలుగు గ్లాసులు చేశాను. చుక్క, రెండు చుక్కలు, మూడు, నాలుగు. వంటగదినుంచి హెడ్ కుక్‌ను రుచికి పిలిచాను. ఈ హోటల్లో నేను నమ్మే నాలుక ఈ అన్నయ్యదొక్కటే. మీసాలు తుడుచుకుంటూ వచ్చాడు.

మొదటిది తాగి, "పొగేది చెల్లెమ్మా?" అన్నాడు.

రెండోది తాగి, "పొగ వస్తోంది, కానీ పక్కింటినుంచి" అన్నాడు.

నాలుగోది నోట్లో పోసుకుని కళ్ళు పెద్దవి చేసి మింగాడు. "ఇది తాగేది కాదు చెల్లెమ్మా, మోకాలు కొట్టుకుపోతే రాసుకునేది."

నవ్వాను. ఈ పదిహేను రోజుల్లో మొదటిసారి నవ్వాను. నవ్వుతుంటే ఏడుపొచ్చింది, ఐసు పెట్టె సర్దుతున్నట్టు వంగిపోయాను. అన్నయ్య చూసీ చూడనట్టు వెళ్ళిపోయాడు.

తప్పు అన్నయ్యది కాదు. ఆ పొగ విస్కీ సంగతే అంత. కాస్త తగ్గితే జాడే ఉండదు, కాస్త పెరిగితే ఆసుపత్రి వాసన.

8, శనివారం

మంటల అలారం సరిచేసేవాడు వచ్చాడు. కౌంటర్‌కి సరిగ్గా నెత్తిమీద ఉండే తెల్ల డబ్బా విప్పేసి, వంటగది గోడవైపు కొత్తది బిగించాడు.

"ఇక్కడ ఇక అవసరం లేదా?" అన్నాను.

"ఇంత చిన్న పొగలకు అరిచే పాత రకం కాదు మేడమ్ ఇది. మీరిక్కడ సిగరెట్ వెలిగించుకున్నా ఏమనదు."

"నేను సిగరెట్ తాగను."

"మాటవరసకి అన్నాను మేడమ్."

డబ్బా ఉన్నచోట పైకప్పుమీద గుండ్రంగా మచ్చ మిగిలింది. రోజంతా దానికిందే నిలబడ్డాను. అగ్గిపెట్టె గుర్తుకొచ్చింది. దాని గురించి రాయను.

10, సోమవారం

మూడు చుక్కలు, చల్లారాక. కాదు. రెండు చుక్కలు, ఐసుమీద. కాదు.

11, మంగళవారం

వదిన వచ్చింది, అతని అక్క. తమ్ముడి చలికోట్లు, బూట్లు తీసుకెళ్ళడానికి. పాపం తలుపు దగ్గరే నిలబడి, లోపలికి రానా వద్దా అన్నట్టు చెప్పులు విప్పి మళ్ళీ వేసుకుంది.

"లోపలికి రా వదినా. నీ తమ్ముడితో కదా నా గొడవ, నీతో ఏముంది?"

"అదీ నిజమే" అని వచ్చి కూర్చుంది. మంచినీళ్ళు తాగింది. బీరువాలోంచి కోటు తీసి ఇస్తుంటే నా మొహంలోకి చూడలేకపోయింది.

"వాడికి ఏ ఆడదాని గోలా లేదమ్మా. నేను ఒట్టేసి అడిగాను. లేదన్నాడు."

"తెలుసు."

"మరెందుకో చెప్పడు. ఇంట్లో ఊపిరాడట్లేదక్కా అంటాడు, అంతే."

ఇద్దరం చెరోవైపు పట్టుకుని కోటు మడతపెట్టి సంచిలో పెట్టాం. వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర నన్ను గట్టిగా పట్టుకుని, ఎప్పట్లాగే నెత్తిమీద చెయ్యేసి, "కాస్త తిండి తినవే రవ్వా, చిక్కిపోయావు" అంది.

మెట్లు దిగి వెళ్ళిపోయింది.

12, బుధవారం

ఈ రోజు అయిదు చుక్కలు వేసి చూశాను. అన్నయ్య రుచి చూడనని దండం పెట్టేశాడు.

16, ఆదివారం

ఏమీ రాయాలని లేదు.

17, సోమవారం

బార్ కిటికీలోంచి చూస్తే ఎదురు హోటల్ కిటికీ కనిపిస్తుంది. మధ్యాహ్నం రెండింటికి అతను నిమ్మకాయలు కోస్తున్నాడు. ఎడంచేత్తో పట్టుకుని, కత్తి తనవైపుకి లాక్కుంటూ. లక్షసార్లు చెప్పాను అలా కొయ్యొద్దని. వినడు. ఎన్ని కట్లు కట్టానో ఆ బొటనవేలికి. ఇప్పుడు తెగితే ఎవరు కడతారు?

నిజంగా ఎవరైనా ఉండుంటే బాగుండేది. ఎవరైనా ఒక మనిషి. దాన్ని తిట్టుకునేదాన్ని, దాని జడ, దాని చీర, దాని వంట అన్నీ ఏకి పారేసేదాన్ని. మా ఇంటిదాకా వచ్చి నా కాపురం కూల్చిందని నలుగురికీ చెప్పుకుని ఏడ్చేదాన్ని. ఎవరూ లేరు. నేనొక్కదాన్నే ఉన్నాను ఆ ఇంట్లో, నన్ను చూసే ఆయనకు ఊపిరాడలేదు. ఇది ఎవరికి చెప్పుకోను?

ఎనిమిదేళ్ళుగా నన్ను పేరు పెట్టి పిలవలేదు. 'ఇదిగో' అంటాడు. ఇదిగో, ఐసు. ఇదిగో, తాళం. ఇదిగో, నేను వెళ్ళిపోతున్నాను.

నిమ్మకాయలు అయిపోయాక చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. నేను కిటికీ తుడిచాను. తుడిచిందే మళ్ళీ తుడిచాను.

19, బుధవారం

ఈ పుస్తకంలో అబద్ధం రాశాను. నాకోసం రాసుకునేదాంట్లో నాకే అబద్ధం. అయిదో తేదీన.

ఆ కార్డు చూడగానే నాకు తెలుసు. రవ్వ అంటే కొలత కాదు. రవ్వ అంటే నేను.

పెళ్ళయిన కొత్తలో ఆయనే పెట్టాడు ఆ పేరు. నా కోపం చూసి. 'మాట్లాడితే నిప్పురవ్వలు రాలుతున్నాయే నీ నోట్లోంచి' అని, తర్వాత అది కుదించి రవ్వా అని. మా అత్తగారు, వదిన, అందరూ అదే పట్టుకున్నారు. ఆయనకేమో అగ్గిపుల్ల గీయాలంటే భయం. చిన్నప్పుడు పొయ్యిదగ్గర చెయ్యి కాల్చుకున్నాడట. ఇంట్లో స్టవ్ నేను వెలిగించాలి, దోమలబత్తి నేను వెలిగించాలి. ఆరడుగుల మనిషి, అగ్గిపెట్టె చూస్తే రెండడుగులు వెనక్కి.

ఆ గ్లాసు కూడా అలాగే పుట్టింది. ఆయన పోసేవాడు, నలభై తిప్పులు తిప్పేవాడు, గ్లాసును కౌంటర్ మీద ఈ చివరికి తోసేవాడు. తోసి, 'రవ్వా!' అని కేకేసేవాడు. నేను ఈ చివర నారింజ తొక్క బిళ్ళలా కోసుకుని సిద్ధంగా ఉండేదాన్ని. పుల్ల గీసి, మంటకి అడ్డంగా తొక్కను గ్లాసుమీదికి పిండితే, తొక్కలోని నూనె భగ్గుమని రవ్వలు రవ్వలుగా విస్కీలో పడేది. పొగ అక్కణ్ణుంచి వచ్చేది. సీసాలోంచి వచ్చింది సగమే. ఎదురుగా కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నన్ను చూసేవాడు. అలా ఎవరూ ఎవర్నీ చూడగా నేను మళ్ళీ చూడలేదు.

మరి ఎలా పోయింది?

ఒకసారి ఎవరో పెద్దమనిషి తాగి, 'అద్భుతం, ఎవరు కనిపెట్టారిది?' అన్నాడు. ఆయన 'నేనే సార్' అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, చేతిలో అగ్గిపెట్టె పట్టుకుని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తర్వాతి గ్లాసు నా దగ్గరికి వచ్చినప్పుడు మూడు పుల్లలు కలిపి గీశాను. కావాలనే. మంట ఇంతెత్తు లేచింది, నెత్తిమీద డబ్బా కూత పెట్టింది, పైకప్పులోంచి నీళ్ళు కురిశాయి. కస్టమర్లంతా తడిసి రోడ్డుమీద నిలబడ్డారు. ఆయన నిలువెల్లా వణుకుతున్నాడు. అప్పుడు నాకర్థం కాలేదు, కోపమనుకున్నాను. భయంతో వణికాడు. అందరి ముందూ అన్నాడు, 'దీన్ని కట్టుకున్నప్పట్నుంచీ నా బతుకింతే' అని.

ఆ డబ్బా ఉన్నన్నాళ్ళూ కౌంటర్ దగ్గర అగ్గిపుల్ల గీయకూడదని మర్నాడు పెద్దాయన చెప్పాడు; ఎప్పుడూ గ్లాసు తన గదికే తెప్పించుకునేవాడు, పుల్ల ఎందుకో, ఎవరు గీస్తారో తనకు తెలీదు. గ్లాసు మానేశాం. ఆయన ఆ పేరుతో పిలవడం మానేశాడు. నేను తప్పయిందని చెప్పలేదు. ముందు ఆయన చెప్పాలని చూశాను. ఎనిమిదేళ్ళు చూశాను.

ఇంకొకటి కూడా రాసేస్తాను, ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి. అలారం మార్చిన రోజే ఆ గ్లాసు చేయగలిగేదాన్ని. చేతకాక కాదు ఈ చుక్కలాట. చేయలేకపోతే ఆయన వస్తాడని.

21, శుక్రవారం

వచ్చాడు.

మధ్యాహ్నం మూడింటికి, బార్ తెరవకముందు. వకీలు పంపిన విడాకుల కాగితాలు పట్టుకుని. కౌంటర్‌కి అటువైపు, కస్టమర్లు కూర్చునే స్టూల్ మీద కూర్చున్నాడు. అటువైపునుంచి ఆయన్ని ఎప్పుడూ చూడలేదు నేను. జుట్టు కత్తిరించుకున్నాడు. బొటనవేలికి ప్లాస్టర్ ఉంది.

"కత్తి బయటికి పెట్టి కొయ్యమని చెప్పానా లేదా?"

"చెప్పావులే."

కాగితాలమీద నాలుగుచోట్ల సంతకం చేశాను. ఒకదానిమీద కలం గీయకపోతే ఆయన కలం ఇచ్చాడు. నాకు కోపం రాలేదు. దానికే భయమేసింది.

"పెద్దాయన ఏదో గ్లాసు చెయ్యమన్నాడటగా. అయిందా?" అన్నాడు.

"కుదరట్లేదు." కార్డు తీసి ముందు పెట్టాను. "మీరు రాసిందే. చివర రవ్వ అంటే ఏంటో చెప్పండి."

కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. కార్డు దగ్గరికి పట్టుకున్నాడు, దూరంగా పట్టుకున్నాడు. తన కోడిగీతల్ని తనే కూడబలుక్కున్నాడు. నేను కౌంటర్ అంచు పట్టుకుని నిలబడ్డాను. ఒక్కమాట చాలు. నవ్వినా చాలు. నవ్వి, తలెత్తి చూసినా చాలు.

"రవ్వ అంటే... కొంచెం అని. రవ్వంత. చివర్లో ఇంకాస్త పొగ విస్కీ వెయ్యాలి. చుక్కన్నర వేసి చూడు, సరిపోతుంది."

"చుక్కన్నరా?"

"ఒక చుక్క లోపల, అర చుక్క గ్లాసు అంచుకి రాయి."

ఆయన మొహం చూశాను. దాచట్లేదు. ఆయనకు దాచడం రాదు, అది నాకు వచ్చు. నిజంగానే గుర్తులేదు. తనే పెట్టిన పేరు, తన చేత్తో రాసుకున్న పేరు, చదివి కొలత అనుకున్నాడు.

"అంతేనా?" అన్నాను.

"అంతే. నువ్వు లెక్కపెట్టి వేస్తావు, అందుకే కుదిరుండదు. చెయ్యి తేలిగ్గా ఉండాలి." కార్డు నా వైపు తోశాడు. ఇదివరకు గ్లాసు తోసినట్టే, అదే దోవలో. "అయినా దీనికోసం నువ్వు బెంగపడక్కర్లేదు. నేను రానని పెద్దాయనకు చెప్పేశాను. ఇది నీ కౌంటర్. నాకు మళ్ళీ ఇక్కడికి రావాలని లేదు."

"ఎప్పుడు చెప్పారు?"

"పదో తేదీనో ఎప్పుడో. చెప్పలేదా నీకు?"

చెప్పలేదు. చెప్తే నేను కష్టపడనని అనుకున్నాడు కాబోలు పెద్దాయన. పదకొండు రోజులు. రాననే మనిషికోసం పదకొండు రోజులు చేతనైన పనిని చేతకానట్టు చేశాను. నాకు నవ్వొచ్చింది, ఆయన కూడా ఏమనుకున్నాడో కొంచెం నవ్వాడు. మంచివాడు. చెడ్డవాడైనా బాగుండేది.

"ఆ రోజు అలారం మోగినప్పుడు" అన్నాను. కాగితాల అంచులు సరిచేశాను. మళ్ళీ అన్నాను. "ఆ రోజు మూడు పుల్లలు కావాలనే గీశాను. తప్పు నాదే."

"ఏ రోజు?" అన్నాడు. తర్వాత, "ఓ, అదా! అదెప్పటి మాట! వదిలెయ్" అన్నాడు.

ఎనిమిదేళ్ళు నా గొంతుకి అడ్డం పడ్డది అతనికి 'ఓ, అదా'.

లేచాడు. కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఇదిగో, వస్తా మరి."

వెళ్తానని ఎవరూ అనరు కదా. అందరూ వస్తాననే అంటారు.

22, శనివారం

అతను వాడే సబ్బు వాసన ఆ స్టూల్ దగ్గర ఇంకా ఉందనిపించింది. ఉండదు. తెలుసు.

25, మంగళవారం

కౌంటర్ నాదైంది. ముందు అది రాసేస్తే పోతుంది.

సాయంత్రం నాలుగింటికి పెద్దాయన తలుపు తట్టి వచ్చాడు, వెనకే అన్నయ్య వచ్చాడు. "మోకాలి మందేనా చెల్లెమ్మా మళ్ళీ?" అని చెవిలో గొణిగాడు. కూర్చోమన్నాను ఇద్దర్నీ.

పెద్దాయన తాగి, కళ్ళు మూసుకుని, చాలాసేపటికి తెరిచాడు. "ఇదే! ఇదేనమ్మాయ్. అచ్చం మీ ఆయన చేసినట్టే."

"నేనే చేసేదాన్నండీ. సగం అతను, సగం నేను."

"అలాగా!" అన్నాడు. "మరి ఇన్నాళ్ళూ చెప్పవే?" అతను రానన్న సంగతి దాచినందుకు ఒక మాట అందామనుకున్నాను, అనలేదు. నేనూ దాచాను కదా. మెనూలో ఏ పేరుతో వెయ్యాలని అడిగాడు. మీకు తోచింది వేసుకోండి అన్నాను. పొగమంచు అని వేయిస్తాడట. వెయ్యనీ.

అన్నయ్య గ్లాసు అడుగుదాకా తాగి ఐసు కూడా నమిలేశాడు. నాకు తెలిసి ఇంతకన్నా పెద్ద మెప్పు లేదు అన్నయ్య దగ్గర.

ఇప్పుడు అసలు జరిగింది రాస్తాను.

విస్కీ పోశాను, పొగ విస్కీ చుక్క వేశాను, పాకం, బిట్టర్స్, అన్నీ కార్డులో ఉన్నట్టే. నలభై తిప్పులు తిప్పాను. గ్లాసును కౌంటర్ మీద ఆ చివరికి తోశాను. తోసి, నేనే నడిచి ఆ చివరికి వెళ్ళాను. అక్కడ నారింజ తొక్క కోసి ఉంది, అగ్గిపెట్టె ఉంది. తొక్క వేళ్ళమధ్య పట్టుకున్నాను. పుల్ల తీశాను. గీయలేకపోయాను.

కేక వినపడలేదు, అందుకు. చెయ్యి దానికోసం ఆగిపోయింది. ఆ కేక వినపడితే గీయడం దానికి అలవాటు, ఎనిమిదేళ్ళయినా అది మరిచిపోలేదు. నేను పుల్ల పట్టుకుని అలాగే నిలబడ్డాను. పెద్దాయన గడియారం చూసుకున్నాడు. అన్నయ్య, "ఏమైంది చెల్లెమ్మా?" అన్నాడు.

ఇక ఎవరూ పిలవరని అప్పుడు తెలిసింది. కాగితాలమీద సంతకం పెట్టినప్పుడు కూడా తెలియలేదు, అప్పుడు తెలిసింది. తలవంచి, గ్లాసువైపు చూస్తూ, వాళ్ళిద్దరికీ వినపడకుండా మెల్లగా నేనే అనుకున్నాను.

రవ్వా.

పుల్ల మొదటి గీతకే అంటుకుంది.